ఎర్ర మీట మీద అద్దం

మరదలు మూడోసారి కూడా అదే చెప్పింది. మెట్ల మీద ఉండగా అలారం మోగింది. పరిగెత్తుకొచ్చింది. తలుపు పక్క అద్దంలోంచి చూస్తే బావ నేల మీద పడి ఉన్నాడు. ఎర్ర మీట మీది అద్దాన్ని మోచేత్తో పగలగొట్టి పెద్ద ఫ్యాను వేసింది. ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్లి, బావ చంకల కింద చేతులు వేసి బయటికి లాగింది. అంతే.

డిటెక్టివ్ నాలుగోసారి అడిగింది.

పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనే ఆవిడకి ‘అత్తగారు’ అని పేరు పడింది. వంటింట్లో గరిటె కనపడకపోతే కొత్తకోడల్ని అత్త నిలదీసినట్టు, అడిగిందే అడుగుతుంది. జవాబు మారుతుందేమోనని కాదు. చెట్టుని దులిపితే ముందు ఆకులే రాలతాయి, దాక్కున్న కాయ ఆఖర్న పడుతుంది. ఆ కాయ కోసం.

ఈ పరిశోధనాలయంలో కోల్డ్‌రూం మేస్త్రీ చనిపోయి ఇది మూడో రోజు. పరిశోధనకి పనికొచ్చే కణాల్ని పాడవకుండా దాచే గది అది. మనిషెత్తు ట్యాంకు నిండా ద్రవ నైట్రోజన్, దానికో గొట్టం, చుట్టూ మూతపెట్టిన డబ్బాలు. నైట్రోజన్‌కి రంగు లేదు, వాసన లేదు. గదంతా పరుచుకుంటే గాలిలోని ఆక్సిజన్ని పక్కకి నెట్టేస్తుంది. లోపలికి వెళ్లినవాడికి ఊపిరాడటం లేదన్న సంగతి కూడా తెలియదు. రెండు ఊపిర్లు తీసి మూడోదానికి నేల మీద ఉంటాడు. అందుకే గుమ్మం పక్కన అలారం పెట్టారు. మేస్త్రీ ఏళ్ల తరబడి నమ్మింది దాన్నే. అది అరుస్తుంటే గడప దాటడు, అరవకపోతే జంకడు.

మరదలు ఆయన కింద పనిచేసే సహాయకురాలు. అక్క పెళ్లయిన కొత్తలో ఆవిడ కొంగు పట్టుకుని వచ్చి, ఆ ఇంట్లోనే చదువుకుని, బావ వేయించిన ఉద్యోగంలో చేరింది. ఆ అక్క ఇప్పుడు వరండా చివర కుర్చీలో కూర్చుని ఉంది. మూడు రోజులుగా చెల్లెలి ముఖం చూడలేదు. డిటెక్టివ్‌ని పిలిపించింది ఆవిడే. “అది చేసిందా, లేదా? నాకు రెండో మాట వద్దు. చేసి ఉంటే నా గుమ్మం తొక్కనివ్వను,” అంది. చేసి ఉండకపోతే ఏమిటో చెప్పలేదు. అక్కడిదాకా ఆలోచించే ఓపిక ఆవిడకి లేదు.

సాయంత్రం పోలీసు జీపు వస్తుంది. అంతర్గత విచారణ జరిపిన భద్రతాధికారి, మరదలే దోషి అని రాసి సంతకం పెట్టటానికి సిద్ధంగా ఉన్నాడు. పసుపు హెల్మెట్ తీయగా ఎవరూ చూడలేదు గనక ఆయన్ని అందరూ ‘హెల్మెట్’ అనే అంటారు. ఎదురుగా కూడా అంటారు. ఆయనకి అదొక బిరుదు.

నాలుగోసారి చెబుతూ మరదలు, లోపల కాలికి బకెట్టు తగిలి వేలి గోరు లేచిపోయిందంది. ఇంతకుముందు మూడుసార్లూ బకెట్టు లేదు.

“నీళ్లు ఒలికాయా?” అని అడిగింది డిటెక్టివ్.

“లేదండీ. నిండా ఉన్న బకెట్టే. బండరాయిని తన్నినట్టయింది.”

డిటెక్టివ్ లేచి నిలబడింది. కోల్డ్‌రూం తాళం తీయమంది.

హెల్మెట్ తాళం తీశాడు గానీ నోరు ఊరుకోలేదు. రెండు రోజులుగా తను అంగుళం అంగుళం కొలిచిన గదిలో అత్తగారు కొత్తగా చూసేదేముందని, గరిటె ఏమైనా పోయిందా అని అన్నాడు. గరిటె దొరికితే ముందు ఎవరి వీపు మీద పడుతుందో చూసుకోమంది డిటెక్టివ్.

గది చిన్నది. ట్యాంకు పక్కన నేల మీద పరిచిన ప్లాస్టిక్ పలకలు నెర్రెలిచ్చి ఉన్నాయి. ఎండిన మడిలో పగుళ్లలాగే ఉన్నాయి, కాకపోతే ఇవి ఎండకి కాదు, చలికి. పగుళ్లు ట్యాంకు దగ్గర మొదలై అల్మరా కింద దూరి, అవతలి గోడదాకా పోయాయి. గొట్టం మూతికి జానెడు దూరంలో నీలం బకెట్టు. ఖాళీగా ఉంది. డిటెక్టివ్ దాన్ని ఎత్తి తిప్పింది. అడుగు నుంచి అంచుదాకా నిట్టనిలువుగా చీలి ఉంది. లోపలి నుంచి ఎవరో బలంగా తోసినట్టు చీలిక అంచులు బయటికి విచ్చుకున్నాయి.

ఈ బకెట్టు ఎవరిదని అడిగింది.

“నాదేనండి,” అంది గుమ్మంలోంచి ఒక మెత్తని గొంతు. పర్యావరణ విభాగం అధికారి. ఆవరణలో ప్రతి చెట్టుకీ తనే నీళ్లు పోస్తాడని ‘చెట్ల మాస్టారు’ అంటారు. మేస్త్రీకి ప్రాణస్నేహితుడు. ఈ మూడు రోజులూ ఆసుపత్రికి తిరిగింది, చివరి పనులు దగ్గరుండి జరిపించింది, మేస్త్రీ భార్య చేత రెండు ముద్దలు తినిపించింది ఆయనే. ఇప్పుడు కూడా ఆవిడ కోసం గ్లాసుతో మంచినీళ్లు తెస్తూ ఆగాడు. ఆ రోజు తన పాఠం కోసం కుళాయి నీళ్లు పట్టి తనే అక్కడ పెట్టానని చెప్పాడు. నేల మీద ఒలికింది ఏదైనా ఏ కాలవలో కలుస్తుందో చూపించటానికి.

ఆ రోజు పాఠం సంగతి డిటెక్టివ్‌కి తెలుసు. ఇంతకాలం ఇక్కడ భద్రతకి ఒక తరగతి, పర్యావరణానికి ఒకటి, ఆరోగ్యానికి ఒకటి, మూడు వేర్వేరు రోజుల్లో జరిగేవి. ఏడాదిలో మూడు రోజులు ఇలా పోతే పరిశోధన ఎప్పుడు చేసుకోమని శాస్త్రవేత్తలు గొడవ పెట్టారు. మూడింటినీ కలిపి ఒక్క పూటలో ముగించే పద్ధతి చెట్ల మాస్టారు ఆలోచించాడు. శాలువా కప్పటం ఒక్కటే తక్కువ, అంతా మెచ్చుకున్నారు. ఆ ఉమ్మడి తరగతి మొదటిసారి నడిచిన రోజే మేస్త్రీ పోయాడు.

డిటెక్టివ్ బకెట్టుని హెల్మెట్ చేతికిచ్చింది. భద్రత విషయంలో ఈ ఆవరణలో ఆయన్ని మించిన పండితుడు లేడని విన్నానని, ఒక్క సంగతి చెప్పమని వినయంగా అడిగింది. గొట్టం మూతి బకెట్లో లేదు, జానెడు అవతల నేల మీద ఉంది. అలాంటప్పుడు బకెట్టెడు నీళ్లు అడుగుదాకా రాయిలా గడ్డకట్టి, బకెట్టు చీలటానికి ఎంతసేపు పడుతుంది?

పండితుడన్న మాట పనిచేసింది. హెల్మెట్ గొట్టం చూశాడు, చీలిక చూశాడు, మనసులో లెక్కేశాడు. “అరగంటకి తక్కువ కాదు,” అన్నాడు. అన్నాక ఆయన చేతిలో బకెట్టు నెమ్మదిగా కిందికి దిగింది.

ఎందుకంటే మరదలి మీద ఆయన కట్టిన కేసంతా ఒక్క మేకుకి వేలాడుతోంది. నైట్రోజన్ కారిన మరుక్షణం అలారం మోగి తీరాలి. అలారం మోగుతుంటే మేస్త్రీ లోపలికి వెళ్లడు. కాబట్టి గొట్టం వాల్వు తిప్పేసరికి ఆయన లోపలే ఉన్నాడు, తిప్పింది ఆయన పక్కన ఉన్న మనిషి. ఆ పొద్దున తరగతికి రానన్నందుకు బావ నలుగురిలో చీవాట్లు పెట్టాడు, మరదలు కోపంగా లేచిపోయింది. అలారం మోగిన నిమిషానికి గుమ్మంలో ఉన్నదీ మరదలే. వినటానికి అందంగా ఉంది.

“అరగంట కారింది,” అంది డిటెక్టివ్. “అలారం మాత్రం ఈ పిల్ల మెట్ల మీద ఉండగా మోగింది. ఆ అరగంటా అది ఏం చేస్తోంది ఆఫీసరు గారూ?”

అలారం బాగానే ఉందని, నిన్న కంపెనీవాళ్లు వచ్చి పరీక్షించి వెళ్లారని హెల్మెట్ గట్టిగా చెప్పాడు. దొంగసాక్ష్యానికి బకెట్టు దొరికిందా అన్నాడు. పోలీసు ఉద్యోగంలోంచి ఆవిడ ఎందుకు బయటికొచ్చిందో తనకీ తెలుసన్నాడు. డిటెక్టివ్ అన్నీ విన్నది. గాలివాన వెలిసేదాకా చూరు కింద నిలబడ్డ మనిషిలా విన్నది.

అప్పుడు అడిగింది. “నలభై మందికి ఈ వరండాలో పాఠం చెప్పారు. అలారం ఎలా మోగుతుందో మోగించి చూపించారు. చెవులు చిల్లులు పడే ఆ మోతలో తర్వాతి పాఠం ఎలా చెప్పారు?”

హెల్మెట్ అలారం పెట్టె వైపు చూశాడు.

“దాని నోరు నొక్కారు కదూ?”

తాళంచెవి ఉంది, అన్నాడు. అలారం పెట్టెకి కన్నం ఉంది, అందులో పెట్టి తిప్పితే మోత ఆగుతుంది. ప్రతి తరగతిలోనూ అలాగే చేస్తాడు. పాత పెట్టె, నోరు మూసి ఉందని చెప్పే దీపమైనా దానికి లేదు. అయినా ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

“మళ్లీ ఎప్పుడు విప్పుతారు?”

“క్లాసు అయిపోగానే.”

“ఏ క్లాసు?”

ఆయన ముఖంలోంచి రక్తం దిగిపోవటం, పసుపు హెల్మెట్ కింద ఇంకా బాగా కనిపించింది.

విడిగా ఉన్నప్పుడు ఆయన పాఠం ఆయనతోనే ముగిసేది. జనాన్ని పంపేసి, అలారం విప్పి, తలుపు లాగి, చెయ్యి దులుపుకుని పోయేవాడు. ఆ రోజు ఆయన పాఠం ముగిసింది గానీ క్లాసు ముగియలేదు. చెట్ల మాస్టారు అందుకున్నాడు. అదే గొట్టంలోంచి కాస్త నైట్రోజన్ నేల మీదికి వదిలి, కంటికి ఆనని గాలి కూడా నీళ్లలాగే పల్లానికి పాకుతుందని చూపించాడు. తర్వాత అందరూ ఆవరణ దాటి హాల్లోకి నడిచారు. అక్కడ నర్సమ్మ ఆరోగ్య పాఠం. అలారం విప్పారో లేదో, వాల్వు పూర్తిగా కట్టారో లేదో ఆఖర్న పాఠం చెప్పినవాడు చూసుకుంటాడని హెల్మెట్, భద్రతాధికారి చూసుకుంటాడని చెట్ల మాస్టారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు పెద్దలు. ట్యాంకు చూసే వేళయిందని మేస్త్రీ హాల్లోంచి మధ్యలో లేచి వచ్చాడు. అలారం మోగటం లేదు. ఆయన నమ్మకం ఆయన్ని లోపలికి నడిపించింది.

ఇదంతా డిటెక్టివ్ బయటికి చెప్పలేదు. హెల్మెట్ ముఖంలో ఒక్కో ముక్కే అమరటం చూస్తూ నిలబడింది. మరదలు మాత్రం చెప్పింది, ఎవరికీ కాకుండా.

“బావ నన్ను తిట్టింది అందుకే. కొత్త పద్ధతట, ఒకసారి విను, ఏం మార్చారో తెలుసుకో అన్నాడు. మూడూ విన్నవే కదా అన్నాను.”

వరండా చివర కుర్చీ కదిలిన చప్పుడైంది. మేస్త్రీ భార్య లేచి నిలబడింది. దగ్గరికి రాలేదు.

డిటెక్టివ్ గుమ్మం బయటికి వచ్చి గోడ చూపించింది. చూపు ఎత్తులో లోపలికి కనపడే అద్దం. దాని కింద అలారం పెట్టె, తాళంచెవి కన్నం. కన్నానికి ఒక చెయ్యి వెడల్పు దూరంలో ఫ్యాను ఎర్ర మీట. దాని చట్రంలో ఇంకా రెండు గాజుపెంకులు ఉన్నాయి. అద్దం పగిలితే గాని మీట నొక్కటం కుదరదు. పగలగొట్టింది మరదలు, మోచేతికి వేసిన కుట్లే సాక్ష్యం.

“అలారం తనంతట తను నోరు విప్పదు,” అంది డిటెక్టివ్. “ఎవరో వచ్చి తాళంచెవి తిప్పారు. తిప్పగానే అది అరిచింది. అంటే అప్పటికే లోపల గాలి చచ్చిపోయి ఉంది. ఈ పిల్ల వచ్చేసరికి మీట మీద అద్దం చెక్కు చెదరలేదు. తాళంచెవి తిప్పిన చెయ్యి, పక్కనే ఉన్న మీట జోలికి పోలేదు.”

అలారం హాల్లోకి వినిపించింది. అదీ పాఠంలో భాగమే అనుకున్నారు అందరూ. బాగా ఏర్పాటు చేశారని ముందు వరసలో ఒకాయన మెచ్చుకున్నాడు కూడా. మరదలి కేక విన్నాకే నర్సమ్మ పరిగెత్తింది. వరండాలోకి లాగిన మేస్త్రీ రెండుసార్లు ఊపిరి తీశాడని, నాడి కాసేపు అందిందని, తర్వాత పోయిందని పొద్దున ఆవిడ చెప్పింది. ఒక్క నిమిషం ముందు ఫ్యాను తిరిగి ఉంటే అనబోయి, ఆ మాట పూర్తి చేయలేక కిటికీ వైపు తిరిగింది.

“నేను కాదు,” అన్నాడు హెల్మెట్. గొంతులో విచారణాధికారి లేడు. “నేను హాల్లో నేల మీద పడుకుని ఉన్నాను. నర్సమ్మ పాఠంలో వాడే మనిషి బొమ్మ ఆ రోజు రాలేదు. స్పృహ తప్పినవాణ్ణి పక్కకి ఎలా తిప్పాలో చూపించటానికి నన్ను పడుకోబెట్టింది. నలభై మంది చూశారు.”

“తెలుసు,” అంది డిటెక్టివ్. “కళ్లు మూసుకుని పడుకున్నప్పుడే మర్చిపోయినవన్నీ గుర్తుకొస్తాయి. తాళంచెవి ఎవరికిచ్చారు?”

హెల్మెట్ గోడకి ఆనుకున్నాడు. ఆ ఆనుకోవటంలోనే జారి నేల మీద కూర్చున్నాడు. తల మీది హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అలారం మూసింది తనే గనక ఆ సంగతి ఎక్కడా అనలేదని, మూసిన సంగతి బయటపడకుండా ఉండాలంటే తప్పు ఇంకెవరిదో కావాలని, ఆ పిల్ల అక్కడ ఉందని, తలెత్తకుండా చెప్పాడు. తాళంచెవి ఇచ్చింది తనని పక్కకి తిప్పటానికి వంగినవాడికి. అతను తిరిగొచ్చి తాళంచెవి జేబులో వేస్తూ, తిప్పేశాను, లోపలికి చూడలేదు, మోగుతోంటే నువ్వు పెట్టిన పరీక్షే అనుకున్నాను అన్నాడట. నమ్మాడు. నమ్మటం తేలికగా ఉంది.

పేరు చెప్పనక్కర్లేకపోయింది. మంచినీళ్ల గ్లాసు పక్కకి ఒరిగి, నీళ్లు నేల మీద పడ్డాయి. చెట్ల మాస్టారు వంగి చేతిరుమాలుతో తుడవబోయాడు.

“నేను చూడలేదండీ,” అన్నాడు తుడుస్తూనే. “తిప్పాను, వచ్చేశాను. పాఠం మధ్యలో వచ్చాను కదా, తొందర. అద్దంలోకి చూసే పనేముంది? చూసుంటే ఊరుకుంటానా? వాడు నాకు ఎవరు?”

నిబ్బరంగానే అన్నాడు. డిటెక్టివ్ దగ్గర ఆ మాటకి విరుగుడు లేదు. కన్నం అద్దం కింద ఉన్నంత మాత్రాన మనిషి చూసినట్టు కాదు. గొట్టం ఆఖర్న ముట్టుకున్నది ఆయనే, కలిపిన పద్ధతి ఆయనదే, నిజమే. కానీ ఒక మనిషి కళ్లు ఏ క్షణాన ఎటు ఉన్నాయో ఏ గోడా చెప్పదు. హెల్మెట్ మాట వెనక్కి తీసుకుంటే, సాయంత్రానికి మిగిలేది మళ్లీ మరదలే. ఈ ఆవరణలో ఒంటరి మనిషి ఆ పిల్ల ఒక్కతే.

అప్పుడు మేస్త్రీ భార్య వచ్చింది. చెల్లెల్ని దాటుకుని, హెల్మెట్ కాళ్లు తొక్కకుండా పక్కకి జరిగి, చెట్ల మాస్టారి ఎదురుగా కింద కూర్చుంది. ఆయన చేతిలోంచి తడి రుమాలు తీసుకుని మిగిలిన నీళ్లు తనే ఒత్తింది. ఆవిడ ముఖంలో కోపం లేదు. మూడు రోజులుగా ఏది అడిగినా ఈయనే చెప్పాడు. ఏ కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టాలో, ఆయన చెప్పులు ఎక్కడున్నాయో, రాత్రి నిద్ర పట్టకపోతే ఏ మాత్ర వేసుకోవాలో.

“అన్నయ్యగారూ, ఒకటి అడుగుతాను,” అంది. “నాకు అదే కళ్ల ముందు ఆడుతోంది, నిద్ర పోనివ్వటం లేదు. ఆయన పడిపోయినప్పుడు ముఖం ఎటుంది? గోడవైపా, గుమ్మం వైపా?”

లోపలికి వెళ్లి లాక్కొచ్చిన మరదలు నోరు తెరవబోయింది. డిటెక్టివ్ ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. హెల్మెట్ తలెత్తాడు.

చెట్ల మాస్టారు ఆవిడ చేతిలో రుమాలు కేసి చూస్తున్నాడు. మూడు రోజుల అలవాటు ఆయన్ని మోసం చేసింది.

“ఇటేనమ్మా చెల్లెమ్మా,” అన్నాడు ఓదార్పుగా. “గుమ్మం వైపే. కళ్లు తెరిచే ఉన్నాయి.”